మీకు తెలుసా? జేబులో పట్టే సింథసైజర్

2008 జులై 24న జపాన్‌లో నింటెండో డీఎస్ కోసం ఒక కొత్త గేమ్ క్యాసెట్ బయటికొచ్చింది. అందులో హీరో లేడు, శత్రువు లేడు. స్కోరు లేదు, లెవెల్స్ లేవు, గెలుపోటముల ఊసే లేదు. ఆన్ చేస్తే తెర నిండా తిప్పుకునే నాబ్‌లు, తీగలు గుచ్చుకునే రంధ్రాలు, బుల్లి కీబోర్డు. పేరు కోర్గ్ డీఎస్-10. గేమ్ వేషం వేసుకొచ్చిన సింథసైజర్ అది. మొదట్లో జపాన్‌లో కూడా దుకాణాలకు వెళ్ళలేదు, అమెజాన్ జపాన్‌లో మాత్రమే దొరికేది. అదే ఏడాది అక్టోబరులో అమెరికా, యూరప్ చేరింది.

◆

దీనికి మూలం కోర్గ్ కంపెనీ 1978లో తెచ్చిన ఎంఎస్-10. 32 మెట్ల కీబోర్డు, దాని వెనక నిటారుగా నిలబడ్డ పలక, ఆ పలక మీద వరసగా నాబ్‌లు, కుడి పక్కన సాకెట్లు. ఒక సాకెట్ నుంచి ఇంకో సాకెట్‌కి తీగ గుచ్చితే శబ్దం దారి మారుతుంది, దాంతో గొంతూ మారుతుంది. అసలు యంత్రంలో ధ్వనిని పుట్టించే ఆసిలేటర్ ఒక్కటే. డీఎస్-10లో మాత్రం రెండు సింథసైజర్లు, ఒక్కోదానికి రెండేసి ఆసిలేటర్లు. ముప్పై ఏళ్ళలో అంత బరువైన పెట్టె అరచేతిలోకి దిగడమే కాదు, దిగుతూ దిగుతూ నాలుగింతలైంది కూడా.

తయారుచేసినవాళ్ళు గేమ్ సంగీతంలో ఆరితేరినవాళ్ళే. రిడ్జ్ రేసర్, టెక్కెన్ గేమ్‌లకు సంగీతం ఇచ్చిన నొబుయోషి సానో బృందంలో ఉన్నాడు. క్రోనో ట్రిగ్గర్ స్వరకర్త యసునోరి మిత్సుడా పెట్టిన ప్రోసియాన్ స్టూడియో పాలుపంచుకుంది.

◆

డీఎస్-10లో ఒక్క డ్రమ్ శబ్దం కూడా రికార్డు చేసి పెట్టలేదని తెలుసా? మన పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో, భజన మండళ్ళలో కనిపించే కీబోర్డుల్లో బటన్ నొక్కితే చాలు, తబలా దగ్గర్నుంచి డ్రమ్స్ దాకా తయారుగా ఉంటాయి. ఇక్కడ అలా కుదరదు. నాలుగు డ్రమ్ వాయిద్యాలకు చోటు ఉంది, వాటిలో మోగే చప్పుడును సింథసైజర్‌తో మనమే మలుచుకోవాలి.

బేస్ డ్రమ్ సంగతి చూడండి. ముందు త్రిభుజాకారపు తరంగాన్ని ఎంచుకుంటారు. అది ఊరికే 'ఊఁ' అని సాగుతూ ఉంటుంది. ఇప్పుడు శబ్దం ఎలా పెరిగి ఎలా తగ్గాలో చెప్పే ఎన్వెలప్‌లో సస్టెయిన్‌ను సున్నా చేసి, డికే నాబ్‌ను బాగా తగ్గిస్తే ఆ కూత తుంటరి పిల్లాడి ఈలంత పొట్టిదవుతుంది. ఇంకా డ్రమ్ కాలేదు. ప్యాచ్ తెరకు వెళ్ళి, స్టైలస్‌తో ఎన్వెలప్ సాకెట్ నుంచి పిచ్ సాకెట్‌కి ఒక తీగ లాగాలి. తీగ తగలగానే శబ్దం పై స్థాయిలో మొదలై రెప్పపాటులో అడుక్కి జారిపోతుంది. చెవికి ఆ జారుడు విడిగా వినిపించదు, 'ధబ్' అనే దెబ్బగా వినిపిస్తుంది. గట్టిగా కొట్టిన చర్మవాద్యంలో జరిగేదీ అదే: దెబ్బ పడగానే చర్మం ఒక్క క్షణం బిగుసుకుని శ్రుతి పెరుగుతుంది, ఆ వెంటనే దిగుతుంది. స్నేర్ కావాలంటే తరంగం బదులు నాయిస్ తీసుకుని పొట్టిగా కత్తిరిస్తారు. అదే నాయిస్‌ను హైపాస్ ఫిల్టర్ గుండా పంపి కింది శబ్దాలన్నీ తీసేస్తే 'చ్' మనే హైహ్యాట్ తయార్.

ఇంత శ్రమపడి చేసిన బేస్ డ్రమ్ డీఎస్ స్పీకర్లలో దాదాపు వినపడదు. గోరంత స్పీకర్ అంత కింది శబ్దాన్ని కదిలించలేదు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటేగానీ ఏం చేశామో తెలియదు.

◆

రెండు సింథసైజర్లూ సన్నాయిలాంటివే, ఒక్కోటి ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. మరి మూడు స్వరాల కార్డ్ ఎలా? తెలివైనవాళ్ళు డ్రమ్ చోట్లను డ్రమ్‌గా వాడడం మానేసి, వాటిలో శ్రుతి చేసిన స్వరాలు పెట్టి కార్డ్‌లు కట్టారు. చోటు తక్కువైనప్పుడు ఇలాంటి దొంగదారులే పుడతాయి. నా మట్టుకు ఈ యంత్రంలో అన్నిటికంటే ముచ్చటైన భాగం ఇదే.

◆

కీబోర్డు వాయించడం రాకపోయినా పర్వాలేదు. డీఎస్-10లో కింది తెర మొత్తాన్ని ఒక పలకగా మార్చే సదుపాయం ఉంది. స్టైలస్‌ను అడ్డంగా జరిపితే ఒక గుణం, నిలువుగా జరిపితే ఇంకో గుణం మారుతూ ఉంటాయి. కోర్గ్ 1999 నుంచి కావోస్ ప్యాడ్ పేరుతో డీజేలకు అమ్ముతున్న పరికరం చేసే పని ఇదే.

◆

రాగాలనూ స్టెప్ సీక్వెన్సర్‌నూ తొలినాళ్ళలోనే కలిపినవాడు మనవాడేనని తెలుసా? డీఎస్-10లో పాట కట్టేది 16 గళ్ళ వరస మీద. ఏ గడిలో ఏ స్వరం మోగాలో గుర్తుపెట్టి వదిలేస్తే యంత్రం తిరుగుతూ వాయిస్తూ ఉంటుంది. ఈ పద్ధతి 1980ల మొదట్లో వచ్చిన రోలండ్ టీబీ-303లోనూ ఉంది. ముంబయి సినిమా పాటల్లో వాద్యకారుడిగా పనిచేసిన చరణ్‌జీత్ సింగ్ ఆ టీబీ-303ను, టీఆర్-808 డ్రమ్ యంత్రాన్ని, జూపిటర్-8 కీబోర్డును పక్కపక్కన పెట్టుకుని 1982లో పది హిందుస్తానీ రాగాలను డిస్కో తాళం మీద రికార్డు చేశాడు. అందులో భూపాలీ ఉంది, అంటే మన మోహనం. మాల్‌కౌన్స్ ఉంది, అంటే మన హిందోళం. ఐదేసి స్వరాల రాగాలు గళ్ళలో ఒదిగినంత హాయిగా పెద్ద రాగాలు ఒదగవు. టీబీ-303లో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే స్లైడ్ ఉండడం వల్ల బండి నడిచింది. అప్పట్లో ఆ రికార్డును పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 2010లో మళ్ళీ విడుదలయ్యాక, షికాగోలో 1987 నాటికి ఆసిడ్ హౌస్ పేరుతో పుట్టిన సంగీతాన్ని ఇది ముందే పలికిందే అని పాశ్చాత్య శ్రోతలు ముక్కున వేలేసుకున్నారు.

◆

ఎనిమిది డీఎస్‌లను తీగ లేకుండా కలిపి ఒకే లయలో వాయించవచ్చు. ఎనిమిది మంది, పదహారు సింథసైజర్లు, ముప్పై రెండు డ్రమ్ వాయిద్యాలు. ఒక గదిలో చాపేసుకుని కూర్చుంటే సరిపోయే ఆర్కెస్ట్రా.

◆

డీఎస్ కంటే ముందే ఈ కథ మొదలైంది. 1989లో వచ్చిన గేమ్‌బాయ్‌లో శబ్దానికి ఉన్నవి నాలుగు చానళ్ళు: రెండు చదరపు తరంగాలవి, ఒకటి మనమే గీసుకునే తరంగానిది, ఒకటి నాయిస్‌ది. ఆ మూడో చానల్ విచిత్రమైంది. అందులో తరంగం అంటే 32 మెట్లు, ఒక్కో మెట్టుకు 16 ఎత్తుల్లో ఏదో ఒకటి. మొత్తం లెక్క కడితే 16 బైట్లు. కంప్యూటర్‌లో యూటీఎఫ్-8 పద్ధతిలో 'తెలుగు' అనే మాట దాచుకోవడానికి 18 బైట్లు పడుతుంది. మన భాష పేరు రాసేంత చోటు కూడా లేనిచోట ఒక వాయిద్యం గొంతు మొత్తం ఇమిడిపోయింది!

◆

చదరపు తరంగానికి గేమ్‌బాయ్‌లో నాలుగు రూపాలున్నాయి: 12.5, 25, 50, 75 శాతం. తరంగం ఎంతసేపు పైన ఉంటుందో చెప్పే లెక్క ఇది. 50 శాతం గుల్లగా, గుండ్రంగా వినిపిస్తుంది, 12.5 ముక్కుతో పలికినట్టు సన్నగా ఉంటుంది. తమాషా ఏమిటంటే 25కీ 75కీ చెవికి తేడా తెలియదు. ఒకటి రెండోదానికి తలకిందుల రూపం, అంతే. కాబట్టి పేరుకు నాలుగు, వినడానికి మూడే.

నాయిస్ చానల్‌లోనూ ఇలాంటి కిటుకే ఉంది. వర్షం హోరులా వినిపించే ఆ శబ్దం నిజానికి అడ్డదిడ్డమైంది కాదు, ఒక లెక్క ప్రకారం పుట్టే సున్నాలూ ఒకట్లూ. మామూలుగా 32,767 అంకెల తర్వాత అదే వరస మళ్ళీ వస్తుంది, అంత పొడవును చెవి పట్టుకోలేదు. ఇంకో పద్ధతిలో పెడితే 127కే తిరిగొస్తుంది. అప్పుడు చెవి పట్టేస్తుంది. హోరు కాస్తా రేకు మీద గీసినట్టు స్వరంగా మారుతుంది. యంత్రం చప్పుళ్ళు, లేజర్ చప్పుళ్ళు అన్నీ అందులోంచే.

◆

మరి గమకం? గేమ్‌బాయ్ చదరపు చానల్‌లో స్వరస్థానం ఒక భాగాహారం: 1,31,072ను ఒక పూర్ణాంకంతో భాగిస్తే ఎంతొస్తే అన్ని హెర్ట్జ్‌లు. మధ్యలో ఇంకేమీ లేవు. వంద హెర్ట్జ్ దగ్గర ఒక మెట్టుకీ పక్క మెట్టుకీ తేడా 0.08 హెర్ట్జ్ కూడా ఉండదు, వీణ తీగ లాగినంత నున్నగా జారవచ్చు. పైకి వెళ్ళేకొద్దీ మెట్లు దూరమవుతాయి. పియానో చిట్టచివరి మెట్టు 4,186 హెర్ట్జ్. దాన్ని అడిగితే గేమ్‌బాయ్ 4,096 ఇస్తుంది, కాదంటే 4,228 ఇస్తుంది. బేరం లేదు. అందుకని ఈ పెట్టె మీద కాంభోజి ప్రయత్నించేవాళ్ళు మంద్రంలో ఉండడం మేలు.

◆

గేమ్‌బాయ్‌ను వాయిద్యంగా మార్చిన ప్రోగ్రాములు నింటెండో ఇచ్చినవి కావు. 1998లో జర్మనీలోని హాంబర్గ్‌లో కళాశాల విద్యార్థిగా ఉన్న ఓలివర్ విట్‌కోవ్ నానోలూప్ చేశాడు. తెర మీద నాలుగు బై నాలుగుగా పదహారు గళ్ళు, అక్షరాలు దాదాపు ఉండవు. 2000లో స్వీడన్‌కు చెందిన యోహాన్ కోట్లిన్‌స్కీ లిటిల్ సౌండ్ డీజే తెచ్చాడు. వాడేవాళ్ళు ఎల్‌ఎస్‌డీజే అంటారు. ఇది నానోలూప్‌కి పూర్తిగా భిన్నం, తెర నిండా అంకెలే.

ఎల్‌ఎస్‌డీజేలో పాట మూడు అంతస్తులు. అన్నిటికంటే కింద ఫ్రేజ్, అందులో 16 వరసలు. ఫ్రేజ్‌లు కలిస్తే చెయిన్. చెయిన్‌లు కలిస్తే పాట. వరసలకు నంబర్లు హెక్సాడెసిమల్‌లో ఉంటాయి: 0 నుంచి 9 దాకా అయ్యాక ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్. 16 వరసలు ఆది తాళానికి భేషుగ్గా కుదురుతాయి, అక్షరానికి రెండు చొప్పున ఒక ఆవర్తనం. మరి మిశ్రచాపు కావాలంటే? 'హెచ్' అనే ఆజ్ఞ ఉంది, హాప్ అంటారు. అది తగిలిన చోటే యంత్రం ఫ్రేజ్‌ను వదిలేసి తర్వాతి దానికి గెంతుతుంది. ఏడు అక్షరాలకు రెండేసి చొప్పున 14 వరసలు కావాలి, అంటే 0 నుంచి డీ వరకు. 'ఈ' వరసలో హెచ్ పెట్టేయండి, తకిట తకధిమి నడుస్తుంది. పాశ్చాత్యులు వాల్ట్జ్ కోసం ఇదే హెచ్‌ను 'సీ' వరసలో పెట్టుకుంటారు.

◆

ఇద్దరు ఎదురెదురుగా టెట్రిస్ ఆడుకోవడానికి ఇచ్చిన లింక్ కేబుల్ గుర్తుందా? అదే తీగతో ఎల్‌ఎస్‌డీజే నడుస్తున్న రెండు గేమ్‌బాయ్‌లను కలిపితే రెండింట్లో పాటలూ ఒకే లయలో నడుస్తాయి. నాలుగు చానళ్ళు ఎనిమిదవుతాయి.

◆

గేమ్‌బాయ్ కళాకారులు కొత్త మోడళ్ళ వెంట పడరు. 1989 నాటి బూడిదరంగు ఇటుకే కావాలంటారు. కారణం వట్టి మోజు కాదు. తర్వాత వచ్చిన గేమ్‌బాయ్ కలర్, అడ్వాన్స్‌లతో పోలిస్తే పాతదానిలో కింది శబ్దాలు బలంగా వస్తాయి. అడ్వాన్స్‌లోనైతే వెనక సన్నని హోరు కూడా ఉంటుంది. పాతదానికీ మరమ్మతు తప్పదు: పెట్టె విప్పి, వాల్యూమ్ నాబ్‌కు ముందున్న చోటు నుంచే తీగలు సోల్డర్ చేసి బయటికి తెస్తారు. లోపలి ఆంప్లిఫయర్ చేసే గోల దాంతో తప్పుతుంది. తెర వెనక లైటు కూడా అమర్చుకుంటారు, ఎందుకంటే అసలు గేమ్‌బాయ్‌కి లైటే లేదు. చీకటి వేదిక మీద హెక్సాడెసిమల్ అంకెలు వెతుక్కోవడం ఎవరి వల్లా కాదు.

◆

గేమ్‌బాయ్ శబ్ద విభాగం రూపకల్పనలో పనిచేసిన నింటెండో ఇంజనీరు హిరోకజు టనాకా స్వరకర్త కూడా. గేమ్‌బాయ్ టెట్రిస్‌లో వినిపించే సంగీతం ఆయన చేతి మీదుగా వచ్చిందే. చాలా ఏళ్ళ తర్వాత ఆయనే చిప్ టనాకా పేరుతో వేదికలెక్కి ప్రదర్శనలిచ్చాడు. వీణ చేసినవాడే కచేరీకి కూర్చోవడం అరుదు కదా.

2003లో గేమ్‌బాయ్‌ల మీద చేసే సంగీతం గురించి వైర్డ్ పత్రికలో ఉత్సాహంగా వ్యాసం రాసింది ఎవరో కాదు, ఒకప్పుడు సెక్స్ పిస్టల్స్ బ్యాండ్‌ను నడిపించిన మాల్కం మెక్‌లారెన్.

◆

డీఎస్‌లో సంగీతానికి తొలి అడుగు మాత్రం డీఎస్-10ది కాదు. 2005లో జపాన్‌లో ఎలక్ట్రోప్లాంక్టన్ వచ్చింది. చేసినవాడు మీడియా కళాకారుడు తోషియో ఇవాయి. తెర మీద ఈదే బుల్లి జీవాలను స్టైలస్‌తో తాకితే, మైక్‌లో చప్పట్లు కొడితే శబ్దాలు పుడతాయి. అందులో కావాలనే వదిలేసినట్టు కనిపించేది ఒకటుంది: చేసిన సంగీతాన్ని దాచుకునే సదుపాయం లేదు. స్విచ్ ఆపితే పోయినట్టే. కొందరు విసుక్కున్నారు. ఆక్వేరియం ముందు కూర్చుని ఎవరూ చేపల కదలికను సేవ్ చేసుకోరు కాబట్టి నాకది లోపంగా అనిపించదు. ఇవాయి తర్వాత 2007లో యమహాతో కలిసి టెనోరి-ఆన్ అనే వెలుగు బటన్ల వాయిద్యం తెచ్చాడు.

◆

డీఎస్-10కి చాలామంది తోబుట్టువులు. 2009లో డీఎస్-10 ప్లస్ వచ్చింది, దాన్ని డీఎస్‌ఐలో పెడితే సింథసైజర్లు నాలుగు, డ్రమ్ వాయిద్యాలు ఎనిమిది అవుతాయి. 2010లో ఎం01, దానికి ఆధారం 1988 నాటి ప్రఖ్యాత కోర్గ్ ఎం1 కీబోర్డు. 3డీఎస్ కోసం 2013లో ఎం01డీ, 2014లో డీఎస్‌ఎన్-12. ఈ చివరి దాంట్లో తరంగం ఆకారం త్రీడీలో లేచి కనిపిస్తుంది. కానీ 3డీఎస్‌వి రెండూ డౌన్‌లోడ్‌గానే అమ్మారు. 2023 మార్చి 27న నింటెండో 3డీఎస్ ఆన్‌లైన్ దుకాణంలో అమ్మకాలు ఆపేయడంతో కొత్తగా కొనే దారి పోయింది. వాటికంటే పాతదైన డీఎస్-10 క్యాసెట్ సెకండ్‌హ్యాండ్‌లో ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంది.

ఐఫోన్ ఉన్నవాళ్ళ కోసం 2015లో ఐడీఎస్-10 వచ్చింది. 2018 ఏప్రిల్‌లో నింటెండో స్విచ్ మీదికి కోర్గ్ గాడ్జెట్ వచ్చింది. దాంట్లో నలుగురు ఒకే తెర ముందు కూర్చుని ఒకే పాట మీద ఏకకాలంలో పనిచేయవచ్చు. ఎవరు ఎవరి స్వరాన్ని చెరిపారన్న తగవు ఇంట్లోవాళ్ళు తీర్చుకోవాలి.

◆

గేమ్ యంత్రంలోకి సింథసైజర్ వచ్చినట్టే, సింథసైజరే గేమ్ రూపం ఎత్తిన సందర్భమూ ఉంది. స్వీడన్ కంపెనీ టీనేజ్ ఇంజనీరింగ్ 2015లో తెచ్చిన పాకెట్ ఆపరేటర్లకు పైన డబ్బా కూడా ఉండదు, సర్క్యూట్ బోర్డు బట్టబయలే. కింద బటన్ల వరసలు, పైన నింటెండో పాత గేమ్ అండ్ వాచ్‌లను తలపించే ఎల్‌సీడీ బొమ్మలు, వెనక రెండు చిన్న సెల్లులు.

◆

చివరగా, పాత గేమ్‌బాయ్ మీద ఎల్‌ఎస్‌డీజే వాడేవాళ్ళకు పనికొచ్చే సంగతి. అందులో 32 పాటల దాకా దాచుకోవచ్చు. అయితే చాలా కార్ట్రిడ్జ్‌లలో ఆ పాటలను కాపాడేది లోపల ఉన్న ఒక నాణెం సెల్. గేమ్‌బాయ్ ఆపేసి ఉన్నా అది జ్ఞాపకాన్ని పట్టుకుని ఉంటుంది. కొన్నేళ్ళకు సెల్ అయిపోతే పాటలూ పోతాయి. సెల్ మార్చడం సోల్డరింగ్ తెలిసినవాళ్ళకు చిటికెలో పని, కానీ పాతది తీసిన క్షణంలోనే పాటలన్నీ చెరిగిపోతాయి. కాబట్టి ముందు సేవ్ ఫైలును కంప్యూటర్‌లోకి దించుకుని, అది సరిగా తెరుచుకుంటుందో లేదో చూసుకున్నాకే స్క్రూలు విప్పండి.